ట్యాంకు మీది పేరు నమ్మొద్దు



బెళుగుప్ప మండలంలో ఏ పల్లెకు పోయినా పాత కొట్టంలోనో, గడ్డివాము పక్కనో ఒక మోటారు సైకిలు గోడకు ఒరిగి ఉండడం చూస్తాం. సీటు మీద చెనిక్కాయల ఖాళీ సంచులు, హ్యాండిల్‌కు డ్రిప్పు పైపుల చుట్ట, ట్యాంకు మీద కోళ్ళు. ఎవరిదని అడిగితే "మా జేజినాయనది" అంటారు. ఏ బండి అని అడిగితే మాత్రం తలా ఒక మాట చెప్తారు. జావా అని ఒకరు, యెజ్డీ అని ఒకరు, "అదేదో బుల్లెట్టు మాదిరిది సామీ" అని ఇంకొకరు.

ఈమధ్య ఆ బండ్లకు మళ్ళీ మర్యాద వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు ఉగాదికి ఊరికొచ్చి, సంచులు తీసేసి, దుమ్ము తుడిచి, దీన్ని నడిపిస్తా అంటాడు. కిక్కు కొడతాడు, ఉలకదు. ప్లగ్గు మారుస్తాడు, పలకదు. పక్కనున్న పెద్దాయన "కార్బరేటర్ చూడు నాయనా" అంటాడు. ఇక అక్కణ్ణించి వేట మొదలు. కళ్యాణదుర్గం పోయి "జావా కార్బరేటర్ కిట్టు ఇయ్యన్నా" అంటే అంగడాయన నవ్వుతాడు. అనంతపురం పోతే ఏదో ఒక కిట్టు చేతిలో పెడతారు. ఇంటికొచ్చి చూస్తే ఒక్క మర కూడా కలవదు.

ఆ మనవడికి, అలాంటి వాళ్ళకు ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండి ఏదో తేల్చుకోవడం ఒక పని, దాని మీదున్న కార్బరేటర్ ఏదో తేల్చుకోవడం ఇంకో పని. రెంటినీ కలిపేస్తే డబ్బు పోతుంది, బండి మళ్ళీ కొట్టానికే పోతుంది.

అసలు ఈ బండ్లు మన మెట్టకు ఎక్కడి నుంచి వచ్చాయి? ముఖ్యంగా రెండు ఊళ్ళ నుంచి. ఒకటి మద్రాసు. 1954లో మన ప్రభుత్వం సైన్యం, పోలీసుల కోసం ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న కంపెనీకి 800 రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు ఆర్డరిచ్చింది. మరుసటి ఏడు ఆ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బండ్లు బిగించడం మొదలైంది. మొదట విడిభాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. 1960ల మొదట్లో బుల్లెట్టు పూర్తిగా ఇక్కడే తయారైంది. రెండో ఊరు మైసూరు. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ పెట్టిన ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి యాదవగిరి ఫ్యాక్టరీలో చెకోస్లవాకియా డిజైనుతో జావా 250 చేసింది. 1970లలో ఆ బండి పేరు యెజ్డీ అయింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. వీటికి తోడు ఫరీదాబాద్ నుంచి ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ 175. అది పోలండు బండి పోలిక.

మన ప్రాంతానికి జావా మీద చనువు ఎక్కువ ఉండడానికి మైసూరు దగ్గర కావడమే కారణమని నా అభిప్రాయం. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే. జిల్లా విడిపోయినా, తర్వాత బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినా రాకపోకలు విడిపోలేదు. బట్టలకు, ఆస్పత్రికి, యంత్రాల సామానుకు బళ్ళారి పోవడం మనవాళ్ళకు అలవాటు. అందుకే మన కొట్టాల్లోని కొన్ని బండ్ల నంబరు ప్లేట్ల మీద ఇప్పటికీ మైసూరు రాష్ట్రపు ఎమ్ వై అక్షరాలు కనిపిస్తాయి. అది కూడా ఒక సాక్ష్యమే, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

మరి అవి కొట్టం ఎందుకు చేరాయి? వానలు తప్పిన ఏడు పెట్రోలుకు లెక్క చూసుకోవాలి. జావా లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె కలుపుకొని తాగే టూ స్ట్రోక్ బండి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. లీటరుకు రెండింతలు పోయే బండి ఎదురుగా ఉంటే, చెనిక్కాయ పంట మీద బతికే రైతు ఏం చేస్తాడు? జావాను అమ్మితే గిట్టదు, నడిపితే గిట్టదు. కొట్టంలో పెట్టాడు. పెట్టేముందు చాన్నాళ్ళు దాన్ని ఎలాగోలా నడిపించాడు, అసలు చిక్కు అక్కడే ఉంది. ట్యాంకు తుప్పు పడితే ఇంకో బండి ట్యాంకు తెచ్చాడు. సైలెన్సరు పోతే బళ్ళారిలో చేయించాడు. కార్బరేటర్ అరిగితే దొరికినది బిగించాడు. నలభై ఏళ్ళ తర్వాత మనం చూసేది బొంత. ఏ గుడ్డ ఎక్కడిదో విప్పి చూస్తే గానీ తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొట్టంలో బండి ట్యాంకు మీద యెజ్డీ అని ఉంది. అంతటితో అది యెజ్డీ అనుకోవద్దు. ట్యాంకు బోల్టులు విప్పితే పావుగంటలో మారిపోతుంది. ముందు చక్రాలు చూడండి. పాత జావాకు 16 అంగుళాల చక్రాలు, పొట్టిగా, లావుగా ఉంటాయి. రోడ్‌కింగ్‌కు 18 అంగుళాలవి. టైరు పక్కనే ఆ అంకె అచ్చుపడి ఉంటుంది, మట్టి తుడిస్తే చాలు. చక్రాలు కూడా మారుతాయి కదా అంటారు. నిజమే, అందుకే ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకూడదు. ఎడమ పక్క కిక్కు రాడ్డు చూడండి. జావాలోనూ యెజ్డీలోనూ కిక్కు రాడ్డే గేరు రాడ్డు. పైకి లేపితే కిక్కు, ముందుకు మడిస్తే గేరు. వెనక చక్రానికి పోయే చెయిను చుట్టూ పూర్తిగా మూసిన డబ్బా ఉంటుంది. ఒక సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉంటాయి. ఈ మూడూ ఉంటే మైసూరు బండి అని ధైర్యంగా అనుకోవచ్చు. మైసూరు బండ్లలో ఏది అన్నది ఇంకా తేలాలి.

అదే బుల్లెట్టు అయితే గుర్తులు వేరు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. గేరుబాక్సు పక్కన మడమతో నొక్కి న్యూట్రల్‌లో వేసుకునే ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. హెడ్‌లైటుకు అటూ ఇటూ రెండు చిన్న లైట్లు, పులికళ్ళు అంటారు వాటిని. ఒక మాట పక్కకు వెళ్ళి చెప్తాను. మన పల్లెల్లో డీజిలు బుల్లెట్టు కూడా తిరిగింది. గ్రీవ్స్ వారి లంబార్డినీ ఇంజిను, 325 సీసీ. టారస్ అని పేరు. మోటారు పంపు శబ్దం చేస్తూ పోయేది. డీజిలు ఖర్చు తక్కువని రైతులు మెచ్చి కొన్న బండి. దాని కార్బరేటర్ కోసం మాత్రం ఎవరూ అంగళ్ళు తిరగొద్దు, దానికి కార్బరేటరే లేదు. డీజిలుకు పంపు, ఇంజెక్టరు ఉంటాయి.

ఇప్పుడు నంబర్ల సంగతి. బండికి రెండు నంబర్లుంటాయి. ఒకటి ఫ్రేము మీద, హ్యాండిల్ కింద స్టీరింగ్ గొట్టం దగ్గర ఉంటుంది. రెండోది ఇంజిను కేసు మీద. రంగులు, గ్రీసు, మట్టి కలిసి గట్టిపడి అవి కనిపించవు. ఉలితో గీకొద్దు, సుత్తి అసలే వద్దు. కిరసనాయిలులో ముంచిన గుడ్డ ఒక పూట కప్పి ఉంచి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా తోమండి. అంకెలు పైకి తేలాక దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆర్టీవో ఆఫీసులో చాసిస్ ప్రింటు తీసేది ఇలాగే. ఆ ముద్రను ఫోటో తీసి పెట్టుకోండి, కాగితం కూడా జాగ్రత్తగా దాచండి.

తర్వాత సి-బుక్కు వెతకండి. ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున పొలం పాసుపుస్తకాల మధ్య ఉంటుంది. దాంట్లో రాసిన చాసిస్ నంబరు, ఇంజిను నంబరు, తయారైన ఏడు, మీరు తీసిన పెన్సిలు ముద్రతో కలవాలి. ఫ్రేము నంబరు కలిసి ఇంజిను నంబరు కలవకపోతే ఎప్పుడో ఇంజిను మార్చారని అర్థం. అప్పుడు కార్బరేటర్ సామాను ఇంజినును చూసి కొనాలి, ఫ్రేమును చూసి కాదు. నంబరు ప్లేటు కూడా కాలం చెప్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాతే మనకు ఏపీ 02 వచ్చింది. అంతకు ముందు బండ్లకు మూడక్షరాలు, ఆపైన అంకెలు. కాబట్టి ఏపీ 02 ఉన్న బండి 1989 తర్వాత మన జిల్లాలో రిజిస్టరు అయిందని తెలుస్తుంది గానీ, ఎప్పుడు తయారైందో తెలియదు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్ళీ నంబరు వేయించినా అదే వచ్చేది. మైసూరు రాష్ట్రం 1973లో కర్ణాటక అయింది. కాబట్టి ఎమ్ వై ప్లేటు ఉంటే బండి చాలా పాతదని చెప్పుకోవచ్చు, అది ఆ బండికి పుట్టినప్పటి ప్లేటే అయితే.

కాగితాలు లేవు, నంబరు అరిగిపోయింది, ఏమీ తేలడం లేదు. అప్పుడేం చేయాలి? సిలిండరు హెడ్డు ఎలాగూ విప్పుతారు కదా, కొలవండి. వెర్నియర్ పెట్టి సిలిండరు లోపలి వెడల్పు, పిస్టను పైకీ కిందికీ పోయే దూరం చూడండి. 65 మిల్లీమీటర్లు, 75 మిల్లీమీటర్లు వస్తే జావా 250 కుటుంబం. లెక్క వేస్తే 249 సీసీ. 70, 90 వస్తే బుల్లెట్టు 350, అసలు లెక్క 346 సీసీ. సిలిండరు బోరు చేయించి ఉంటే వెడల్పు కాస్త పెరుగుతుంది. పిస్టను ప్రయాణించే దూరం మాత్రం పెరగదు. అందుకే రెండో కొలతనే నమ్మండి.

బండి తేలింది. ఇప్పుడు కార్బరేటర్. దీనికి కూడా పేరు బండి మీద చూడొద్దు, దాని ఒంటి మీదే చూడండి. పోత పోసిన అక్షరాలు ఉంటాయి. పాత బుల్లెట్టుకు అమాల్ ఉంటుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కంపెనీ అది, మూడు పాత కంపెనీలు కలిసి ఏర్పడింది. 1955 ప్రాంతం నుంచి మోనోబ్లాక్ అనే రకం వచ్చింది. పెట్రోలు నిలిచే ఫ్లోటు గిన్నె విడిగా లేకుండా ఒంట్లోనే కలిసి ఉంటుంది. పక్కన 375 అనో 376 అనో ఉండి, గీత తర్వాత ఇంకో అంకె ఉంటుంది. మొదటి అంకె సైజును, రెండోది ఏ బండికి ఏ జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం), ఏ నీడిల్ బిగించారో చెప్తుంది. గీత తర్వాతి అంకెను రాసుకోకుండా సామాను అడిగితే సగమే అడిగినట్టు. జావాకు చెక్ దేశపు జికోవ్. దాని మీద 2924, 2926 లాంటి అంకెలుంటాయి. చివరి రెండంకెలే గాలి పోయే గొంతు వెడల్పు, మిల్లీమీటర్లలో. జపాను మికునీ రకాన్ని మద్రాసులో యుకాల్ కంపెనీ మైక్‌కార్బ్ పేరుతో చేసింది. తర్వాతి కాలపు బుల్లెట్టు 350కి వచ్చిన వీఎం 24 అదే, దాని గొంతు 24 మిల్లీమీటర్లు.

మన ఉదాహరణ బండి దగ్గరికి మళ్ళీ వద్దాం. ట్యాంకు యెజ్డీ. చక్రాలు 16 అంగుళాలు. సి-బుక్కులో జావా. కార్బరేటర్ మూత విప్పి చూస్తే జికోవ్ లేదు, యమహా ఆర్‌ఎక్స్ 100ది ఉంది. ఇలాంటివి కోకొల్లలు. 98 సీసీ ఇంజినుకు చేసిన కార్బరేటర్ 249 సీసీ ఇంజినుకు గాలి అందిస్తోంది. బండి మొదలవుతుంది, నెమ్మదిగా పోతుంది, ఎత్తెక్కాలంటే మూలుగుతుంది. ఆ పని చేసిన మెకానిక్కును నేను తప్పు పట్టను. జికోవ్ దొరక్క, పొద్దున్నే పాలు పోయాల్సిన బండి నిలబడిపోతే ఆయన ఏదో చేసి నడిపించాడు. కానీ ఇప్పుడు కొత్తవాడు వచ్చి జావా కిట్టు తెచ్చి దీంట్లో పెట్టాలని చూస్తే ఎలా పడుతుంది? అమాల్‌లో ఇంగ్లీషు మరలు, మికునీలో మిల్లీమీటరు మరలు. జెట్టు మీద ఒకే అంకె ఉన్నా కంపెనీ మారితే రంధ్రం మారుతుంది. బలవంతంగా తిప్పితే మెత్తటి ఒళ్ళు కనుక మర చితికిపోతుంది. అప్పుడు కార్బరేటరే పోతుంది.

ఏ సామాను కొనాలో తెలియాలంటే అది చేసే పని తెలియాలి. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళు గాలి కలిపి ఇంజినుకు ఇవ్వడం కార్బరేటర్ పని. యాక్సిలరేటర్ ఎంత తిప్పారన్నదాన్ని బట్టి ఆ పనిని లోపల వేర్వేరు సామాన్లు పంచుకుంటాయి. బండి నిలబడి ఆడుతున్నప్పుడు స్లో జెట్టు, దాని పక్క ఎయిర్ స్క్రూ. కొంచెం తిప్పగానే, దాంతో పాటు పైకి లేచే స్లైడు అడుగున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్టు. పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్టు. కాబట్టి మీ బండి ఏ దగ్గర తడబడుతోందో గమనించండి. నిలబడి ఆడడం లేదు గానీ రోడ్డెక్కితే బాగుంది అంటే మెయిన్ జెట్టు కొనొద్దు, స్లో జెట్టు దారి మూసుకుపోయింది. సగం తిప్పేదాకా బాగుండి, పూర్తిగా తిప్పితే ఊపిరాడక వెనక్కి లాగితే మెయిన్ జెట్టో, పెట్రోలు కాక్ జల్లెడో చూడండి. మధ్యలో ప్లగ్గు నల్లబడుతుంటే నీడిల్ జెట్టు రంధ్రం అరిగి కోలగా అయింది. కిట్టు మొత్తం కొనేవాళ్ళు ఎక్కువ. నిజానికి కావలసింది చాలాసార్లు రెండే సామాన్లు: నీడిల్ జెట్టు, ఫ్లోటు నీడిల్.

మన ఎర్రమట్టి దుమ్ముకు బలయ్యేది స్లైడు. ఫిల్టరు చిరిగిన బండి వేసవిలో మట్టిరోడ్డు మీద తిరిగితే స్లైడుకూ ఒంటికీ మధ్య దుమ్ము పడి ఎమరీ పేపరుతో రుద్దినట్టు అరుగుతుంది. అప్పుడు పక్కనుంచి గాలి దూరుతుంది. ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా బండి నిలకడగా ఆడదు. స్లైడు మీద కూడా అంకె ఉంటుంది. అమాల్‌లో ఆ అంకె అడుగు కోత ఎత్తును అంగుళంలో పదహారో వంతుల్లో చెప్తుంది. మూడు అని ఉంటే పదహారింట మూడు వంతులు. ఆ అంకె చూడకుండా కొత్త స్లైడు తెచ్చుకోవద్దు.

ఇంకో సంగతి, టూ స్ట్రోక్ బండ్ల వాళ్ళు జాగ్రత్తగా వినండి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిను శబ్దం దిగకుండా అరుస్తూ ఉంటే అందరూ కార్బరేటర్‌ను తిడతారు. చాలాసార్లు దాని తప్పు కాదు. క్రాంకు పక్కన ఉండే ఆయిల్ సీళ్ళు రబ్బరు ఎండి పగిలి గాలి లాగుతుంటాయి. ఏళ్ళ తరబడి కొట్టంలో ఉన్న జావాలో ఆ సీళ్ళు బాగుంటాయని ఆశించడమే పొరపాటు. కార్బరేటర్ మీద వేలు పోసే ముందు సీళ్ళు మార్పించండి. బుల్లెట్టు మోనోబ్లాక్ అయితే ఇంజినుకు బిగించే ఫ్లాంజి చూడండి. రెండు నట్లు మితిమీరి బిగించడంతో అది విల్లులా వంగి ఉంటుంది. మందపాటి అద్దం పలక మీద ఎమరీ పేపరు పరిచి ఫ్లాంజిని సమంగా రుద్దితే సరవుతుంది. దీనికి కొనాల్సింది ఏమీ లేదు.

మన ప్రాంతంలో ఒక పాత అలవాటుంది, మైలేజీ కోసం చిన్న జెట్టు వేయడం. ఫోర్ స్ట్రోక్ బండిలో దాంతో ఇంజిను వేడెక్కి వాల్వులు పాడవుతాయి. టూ స్ట్రోక్‌లో అంతకంటే ప్రమాదం. అక్కడ ఇంజినుకు నూనె పోయేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది. మే నెల ఎండలో కళ్యాణదుర్గం రోడ్డు మీద పిస్టను పట్టేస్తుంది. లీటరుకు ఐదు కిలోమీటర్లు మిగిల్చి, బోరు, పిస్టను ఖర్చు నెత్తిన పెట్టుకోవడం ఏ లెక్క? అలాగే జెట్టు మూసుకుపోతే క్లచ్చు వైరు పోగు దూర్చి పొడుస్తారు. జెట్టు ఇత్తడిది, వైరు ఉక్కుది. రంధ్రం పెద్దదవుతుంది. పలచని నైలాను దారం వాడండి, లేదా గాలి కొట్టండి. ఫ్లోటు చెవి దగ్గర ఆడించండి, లోపల పెట్రోలు శబ్దం వస్తే చిల్లి పడింది. చిల్లి ఎక్కడో తెలియాలంటే వేడినీళ్ళలో ముంచండి, బుడగలు వచ్చే చోటే చిల్లి. ఇత్తడి ఫ్లోటు అయితే లోపలి పెట్రోలంతా ఆవిరైపోయేదాకా ఆగి, మంట తగలకుండా సన్నగా టంకం వేయించవచ్చు.

ఇక కొనే దారులు. ముందు పాత సామాను బయటికి తీసి, శుభ్రం చేసి, స్కేలు పక్కన పెట్టి నాలుగు పక్కలా ఫోటోలు తీయండి. అంకెలు కనిపించాలి. అంగడికి ఫోను చేసి "జావాకు కావాలి" అనకండి. "జికోవ్ 2926, ఫ్లోటు నీడిల్, పొడవు ఇంత, మర ఇంత" అనండి. మాట మారితే సమాధానమూ మారుతుంది. అనంతపురం, బళ్ళారిలో పాత మెకానిక్కుల దగ్గర డబ్బాల్లో విప్పేసిన కార్బరేటర్లు ఉంటాయి. మొదట అక్కడే అడగండి. కొత్తది దొరక్కపోయినా వాటి ఒళ్ళు, మూతలు, స్ప్రింగులు పనికొస్తాయి. తర్వాత బెంగళూరు జేసీ రోడ్డు. మన వాళ్ళకు బస్సెక్కితే ఒక రాత్రి ప్రయాణం. జావా, యెజ్డీ సామానుకు ఆ ఊరే మంచిది, అక్కడ ఆ బండ్ల క్లబ్బు కూడా ఉంది. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్ల వాళ్ళు దేశమంతా ఊరూరా కలుస్తారు. ఒక్కరోజు అక్కడికి పోయి నిలబడితే ఏడాది తిరిగినా దొరకని సమాచారం దొరుకుతుంది. బుల్లెట్టుకు చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్ బాగ్. హైదరాబాదు వైపు ఉన్నవాళ్ళకు రాణిగంజ్. అమాల్ కార్బరేటర్లు ఇంగ్లండులో బర్లెన్ కంపెనీ ఇప్పటికీ కొత్తవి చేస్తోంది. జెట్లు, నీడిళ్ళు, ఫ్లోట్లు అన్నీ విడిగా దొరుకుతాయి. ధర ఎక్కువే, పైన సుంకం. అయినా నీడిల్ జెట్టు లాంటి కొలత తప్పకూడని సామానుకు ఆ ఖర్చు పెట్టొచ్చని నేనంటాను. గాస్కెట్లకు, స్క్రూలకు అక్కర్లేదు.

నకిలీ సామాను సంగతి చెప్పకుండా ఉండలేను. పెట్టె మీద పెద్ద పేరు, లోపల జెట్టు మీద అంకె కూడా సరిగా ఉండదు. భూతద్దంలో చూస్తే రంధ్రం అంచు గరుకుగా ఉంటుంది. అలాంటి కొత్త జెట్టు కంటే శుభ్రం చేసిన పాత జెట్టే మేలు. అందుకే పాత సామాను పారేయొద్దు. కొత్తది పనిచేస్తోందని తేలేదాకా గుడ్డలో మూటగట్టి ఉంచండి.

పెట్రోలు కూడా మారింది. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత కార్బరేటర్ల ఒళ్ళు జింకు కలిపిన పోత లోహం. ఇథనాల్ తేమను లాగుతుంది. గిన్నెలో నిలవుంటే తెల్లటి పొడి పడుతుంది, పాత రబ్బరు ఉబ్బుతుంది, కార్కు వాషర్లు పాడవుతాయి. కొత్త ఫ్లోటు నీడిల్ కొంటే ఇథనాల్ తట్టుకునే రబ్బరు మొన ఉన్నది అడగండి. పెట్రోలు పైపు కూడా మార్చండి. ఇంకొకటి, డబ్బు ఖర్చు లేనిది: బండిని వారం రోజులకు మించి నిలపాలంటే పెట్రోలు కాక్ మూసి, గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా ఇంజిను ఆడించండి. టూ స్ట్రోక్ బండిలో ఇది మరీ ముఖ్యం. పెట్రోలు ఆవిరైపోయి నూనె ఒక్కటే మిగిలి జెట్లలో జిగురులా గట్టిపడుతుంది.

మరి మన ఉదాహరణ జావాకు ఏం చేద్దాం? ఆర్‌ఎక్స్ కార్బరేటర్ ఉంచాలా, జికోవ్ వెతకాలా? పొలానికి పోయి రావడానికే అయితే ఆ చిన్న కార్బరేటర్ తీసేసి, గొంతు సరిపడే మైక్‌కార్బ్ బిగించుకోండి. జెట్లు దొరుకుతాయి, ఏ మెకానిక్కయినా విప్పగలడు. అసలైనది కాదని నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోనీ, నడిచే బండే బండి. కానీ దాన్ని వింటేజి బండిగా నమోదు చేయించాలనుకుంటే లెక్క మారుతుంది. 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి ఉండాలి. ఫ్రేములో, బాడీలో, ఇంజినులో మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తర్వాత మళ్ళీ నమోదుకు 5,000. నమోదు పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఆ నంబరుతో రోజూ తిరగకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే. కార్బరేటర్ మాట అందులో విడిగా రాయలేదు. అయినా తనిఖీకి వచ్చినవారు ఇంజిను అసలు రూపంలో ఉందా అని చూస్తారు గనుక, ఆ దారిలో పోయేవాళ్ళు జికోవ్ వెతుక్కోవడమే మంచిది.

బండిని గుర్తు పట్టడం ఇక్కడ కూడా పనికొస్తుంది. 1965లో రిజిస్టరైన జావా ఆ 50 ఏళ్ళ గీతను ఎప్పుడో దాటేసింది. రోడ్‌కింగ్ పుట్టిందే 1978లో, మొదటి రోడ్‌కింగ్ కూడా 2028కి గానీ ఆ గీత చేరదు. ట్యాంకు మీద యెజ్డీ అని ఉందని రోడ్‌కింగ్ అనుకుని ఆగినవాడి కొట్టంలో ఉన్నది, సి-బుక్కు తీసి చూస్తే, అర్హత ఉన్న జావానే కావచ్చు.

చివరగా ఒక మనవి. తుక్కు కొనేవాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. ఇనుము కిలోకింత అని తూచుకుని పోతారు. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. అమ్మేముందు మాత్రం ఫ్రేము నంబరు, ఇంజిను నంబరు పెన్సిలుతో ముద్ర తీసి సి-బుక్కులో పెట్టుకోండి. కార్బరేటర్‌ను విడిగా పది రూపాయలకు ఇచ్చేయకండి. అది ఏ బండిదో తెలిస్తే, దాని కోసం జేసీ రోడ్డులో వెతుకుతున్నవాళ్ళు ఉన్నారు.